పళ్ళు లేని నోటికి ఎక్స్‌రే

టోకు కూరగాయల మార్కెట్లో ఆయన్ని అందరూ మైకు అనేవాళ్ళు. మైకు వాడతాడని కాదు, ఆయనకి దాని అవసరం లేదని. రేకుల షెడ్డు ఈ చివర ఉల్లిపాయల బస్తాల మీదకెక్కి వేలంపాట మొదలుపెడితే, ఆ చివర బంగాళాదుంపల కాటా దగ్గర నిలబడ్డవాళ్ళకి కూడా ధర ఎక్కడిదాకా వచ్చిందో తెలిసిపోయేది. వయసు డెబ్బై దాటింది, గుండెకి స్టెంటు పడింది, షుగరుకి పొద్దున సాయంత్రం మాత్రలు. అయినా గొంతు మాత్రం చెక్కు చెదరలేదు. "ఒకటోసారి... రెండోసారి..." అని కాసేపు ఊరించి, "మూడోసారి!" అంటూ చెయ్యి కిందికి కొట్టాడంటే ఆ బేరం అయిపోయినట్టే. ఎవరొచ్చి బతిమాలినా మాట మారదు. ఒక రాశి తేల్చడానికి ఆయనకి గ్లాసులో టీ చల్లారేంత సేపు కూడా పట్టేది కాదు.

అలాంటి మనిషికి, ఒక్క మాట తేల్చడానికి నెలలు పట్టే జబ్బు వచ్చి పడింది.

మొదట పళ్ళసెట్టు జారింది. పాట మంచి ఊపు మీద ఉండగా, "రెండోసారి" అనబోతే కింది సెట్టు నోట్లోంచి ఎగిరి ఉల్లిపాయల మధ్య పడింది. షెడ్డంతా గొల్లుమంది. పక్కనే ఉన్న బావమరిది, అంటే ఆయన భార్యకి తమ్ముడు, ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాడు, వంగి దాన్ని తీసి పైకెత్తి చూపించాడు.

"బావా, దీనికి కూడా పాట పెడదామా? ఒకసారే వాడిన సరుకు!"

"ముందు నీ బుర్రకి పెట్టరా. అసలు వాడని సరుకు, మంచి ధర పలుకుతుంది" అన్నాడు మైకు బోసినోటితోనే. మళ్ళీ నవ్వులు. కుళాయి కింద కడిగి పెట్టుకుని పాట కొనసాగించాడు. ఆ రోజుకి అది నవ్వులాటే.

కానీ మర్నాడూ జారింది. ఆ తర్వాత రోజూ జారడం మొదలైంది. పళ్ళసెట్లు చేసే ఆయన దగ్గరికి వెళ్తే, కాస్త అరగదీసి, కాస్త మందమేసి, "వయసు పెద్దాయనా, చిగుళ్ళు అరిగిపోతాయి" అన్నాడు. వారం తిరగకముందే మళ్ళీ అదే తంతు. ఈసారి కొత్త సెట్టే చేయించాడు. పెట్టుకున్న రోజు బిగుతుగా కూర్చుంది. నెల తిరిగేసరికి గడ్డం మధ్యలో ఎత్తి కొట్టడం మొదలుపెట్టింది.

"అరిగితే గుంట పడాలి గదయ్యా. ఇక్కడ ఎత్తుగా తగులుతోంది" అన్నాడు మైకు వేలితో చూపిస్తూ.

"వయసులో అన్నీ మారతాయి పెద్దాయనా."

దారిలో మూడు వీధుల దాకా ఆ మాటనే తిట్టుకుంటూ నడిచాడు. మోకాలు నొప్పంటే వయసు. నిద్ర పట్టదంటే వయసు. ఇప్పుడు పళ్ళసెట్టు కుదరకపోయినా వయసే. నెల కిందట చేసిన పళ్ళసెట్టుకి వయసేమిటి?

తర్వాత సంగతి భార్య కనిపెట్టింది. ఆవిడ చాలా ఏళ్ళు అదే మార్కెట్లో బస్తాల మూతులు కుట్టింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఒకరోజు ఆయన టీ తాగుతుంటే చూసి, "ఏవండీ, గడ్డం మీదుగా కారిపోతోంది, తుడుచుకోండి" అంది.

"ఎక్కడ?" అన్నాడు ఆయన. చొక్కా దాకా కారింది. ఆయనకి తెలియనే లేదు. కింది పెదవి ఒకవైపు మొద్దుబారి ఉంది.

వీధి చివర డాక్టరు నరాల బలహీనత అని విటమిన్ మాత్రలు రాశాడు. ఆ మాత్రలు అయ్యేదాకా ఓపిక పట్టి, మందుల షాపు మేడ మీదున్న పళ్ళ డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్ళారు. కుర్రవాడే, మర్యాదస్తుడే. అద్దం పెట్టి చూసి, "ఎముక కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. కొందరికి సహజంగానే ఉంటుంది" అన్నాడు.

"ఒకసారి ఎక్స్‌రే తీస్తే తెలుస్తుందేమో బాబూ" అంది ఆవిడ.

కుర్ర డాక్టరు నవ్వాడు. "పళ్ళే లేని నోటికి ఎక్స్‌రే ఎందుకమ్మా?"

మైకు విసవిసా మెట్లు దిగాడు. కింద రోడ్డు మీదకి వచ్చాక, అటుగా పోతున్నవాళ్ళు ఆగి చూసేలా అరిచాడు. "పళ్ళు లేకపోతే దవడ కూడా లేనట్టేనా? ఊడిపోయింది పళ్ళు, మనిషి కాదు గదా!" భార్య ఆయన చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళింది.

ఆ రాద్ధాంతం విన్న కూతురు మరో రోజు తన వ్యాను తెచ్చి గుమ్మం ముందు ఆపింది. ఆ వ్యానులోనే మార్కెట్ నుంచి దుకాణాలకి సరుకు చేరవేస్తుంది. తండ్రి గొంతే ఆమెకీ వచ్చింది. "నాన్నా, ఎక్కు. పెద్దాసుపత్రికి పోదాం. ఈ గల్లీ వైద్యాలు చాలు."

పెద్దాసుపత్రిలో దవడ ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఉంది. నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకుని, నోట్లో మాట నోట్లోనే నములుతున్నట్టు మాట్లాడే మనిషి. కానీ వేలు పెట్టి చిగురు నొక్కగానే ఆమె ముఖం మారింది. వెంటనే ఎక్స్‌రేకి పంపింది. గడ్డాన్ని ఒక దిమ్మె మీద ఆనించి కదలకుండా నిలబెడితే, ఒక యంత్రం తల చుట్టూ గిర్రున తిరిగి మొత్తం దవడని ఒకే బొమ్మలో తీసింది.

తెర మీద దవడ ఎముక తెల్లగా కనిపించింది, గడ్డం దగ్గర తప్ప. అక్కడ నల్లగా ఉంది. ఒక్క మచ్చ కాదు, నాలుగైదు చిన్న గదులు కలిసిపోయినట్టు, అంచులు వంకరటింకరగా, మధ్యగీత దాటి రెండో వైపుకి కూడా పాకి ఉంది.

"ఏమిటది?" అన్నాడు మైకు.

"తిత్తిలా ఉంది. ఎముక లోపల సంచిలా పెరిగి, లోపల నీరు నిండి, ఎముకని తినేస్తుంది. దాని నొక్కుడికే పెదవి మొద్దుబారింది, దాని ఉబ్బుకే మీ సెట్టు జారుతోంది."

"అయితే కోసి పారెయ్యండి. రేపే వస్తాను."

"ఏ తిత్తో తెలియాలి. ఇందులో చాలా రకాలున్నాయి. చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. దానికి ముందు మీ గుండె డాక్టరుతో మాట్లాడాలి, మీరు రక్తం పలచనయ్యే మాత్రలు వాడుతున్నారు."

అక్కడ మొదలైంది ఆయన అసలు యాతన. గుండె డాక్టరు సెలవులో ఉన్నాడు. వచ్చాక, ఒక మాత్ర ఆపొచ్చు, రెండోది ఆపకూడదన్నాడు. డాక్టరమ్మ ఏది ఆపాలో మళ్ళీ అడిగి రమ్మంది. గుండె డాక్టరు ఆ మాట ఆవిడనే ఫోన్ చేసి అడగమన్నాడు. ఆవిడ ఫోన్ చేస్తే ఆయన ఆపరేషన్లో ఉన్నాడు. ఈ మేడ నుంచి ఆ మేడకి, లిఫ్టు పనిచేస్తే లిఫ్టులో, లేకపోతే మెట్ల మీద, మైకు అటూ ఇటూ తిరిగాడు. ఆయన తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి ముక్క తీశారు. ఫలితం రావడానికి రెండు వారాలన్నారు. వచ్చింది. తీసిన ముక్క చాలలేదు, ఏమీ చెప్పలేమన్నారు. మళ్ళీ తీశారు, ఈసారి రెండు మూడు చోట్ల. మళ్ళీ ఎదురుచూపు. ఈసారి డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"ఇది రెండిటిలో ఏదైనా కావచ్చు. ఒకటి, పళ్ళ నుంచి చాలా అరుదుగా వచ్చే తిత్తి. రెండోది, దాదాపు అలాగే కనిపించే క్యాన్సరు, నెమ్మదిగా పెరిగే రకం. సూక్ష్మదర్శినిలో రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. ఇంకో పరీక్ష ఉంది, ఇక్కడ చెయ్యరు, బయటి ల్యాబుకి పంపాలి."

మైకు కుర్చీలోంచి లేచాడు. "మీరు చదువుకున్నవాళ్ళు. రెంటిలో ఏదో ఒకటి చెప్పండి. ఏదైనా సరే! నేను పడతాను. కానీ ఈ 'కావచ్చు'తో నేను ఇంటికెళ్ళి ఏం చేసుకోను?"

"తెలియనిది తెలిసినట్టు చెప్పలేను" అంది ఆమె.

ఆ వారాలు ఇంట్లో ఎవరికీ సుఖం లేదు. భార్య వంటింట్లో గిన్నె కింద పెడితే చప్పుడన్నాడు, పెట్టకపోతే ఆలస్యమన్నాడు. కూతురు ఫోన్ చేస్తే ఎందుకు చేశావన్నాడు, చెయ్యకపోతే గుర్తుందా అన్నాడు. మార్కెట్లో బావమరిదికి బస్తాల మీద చోటిచ్చి కింద కూర్చోవలసి వచ్చింది, ముక్క తీసిన పుండు మీద సెట్టు పెట్టుకోలేడు, అది లేకుండా పాట ఎలా పాడతాడు? స అనబోతే గాలి, శ అనబోతే గాలి. అదొక్కటే కాదు. బావమరిదికి అంత గొంతు లేదు. అందుకని నిజంగానే ఒక మైకు కొని తెచ్చుకున్నాడు, నడుముకి కట్టుకునే పెట్టెతో సహా. అది కీచుమన్నప్పుడల్లా మైకుకి ఒళ్ళు మండిపోయేది.

ఫలితం వచ్చిన రోజు ముగ్గురూ వెళ్ళారు. డాక్టరమ్మ తలుపు దగ్గరే చెప్పేసింది. "క్యాన్సరు కాదు. తిత్తే."

భార్య అక్కడి బెంచీ మీద కూలబడి, కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. కూతురు గోడ వైపు తిరిగింది. మైకుకి మాత్రం సంతోషం కంటే ముందు కోపమే వచ్చింది.

"ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఇన్నాళ్ళా తల్లీ? మా ఆవిడ సగమైపోయింది."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "నాకూ కోపంగానే ఉంది పెద్దాయనా. మొదట్లోనే ఎవరో ఒకరు ఎక్స్‌రే తీసుంటే ఇది ఇంత పెరిగేది కాదు. ఇంకోటి కూడా చెప్తాను. నా సర్వీసంతా దవడలతోనే గడిచింది, ఈ రకం తిత్తి నేను చూడటం ఇది మూడోసారి. అందుకే తడుముకుంటున్నాను. తొందరపడి తప్పు చెయ్యడం నాకిష్టం లేదు."

అంత నేరుగా ఒక డాక్టరు మాట్లాడటం ఆయన అంతకుముందెప్పుడూ వినలేదు. కాస్త తగ్గి, "పళ్ళు ఊడి పదేళ్ళు దాటింది. ఇప్పుడు పళ్ళ తిత్తేమిటి? పోయిన పళ్ళు పగబట్టాయా?" అన్నాడు.

"పళ్ళు పోయినా, వాటిని పుట్టించిన కణాలు కొన్ని ఎముకలో ఉండిపోతాయి. ఎందుకో కొందరిలో అవి మళ్ళీ పెరుగుతాయి. మధ్యవయసు దాటినవాళ్ళకే ఎక్కువ. ఇది మొండి రకం. పైపైన గీకితే తిరిగొస్తుంది."

దారులు రెండున్నాయంది. ఒకటి, గడ్డం ఎముకని ఆ మేరకి కోసేసి లోహపు పట్టీ వెయ్యడం. అది చాలా గంటల ఆపరేషను, ఆ గుండెకి అంతసేపు మత్తివ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. రెండోది, తిత్తికి చిన్న కిటికీ పెట్టి అందులో ఒక రబ్బరు గొట్టం కుట్టడం. లోపలి నీరు బయటికి పోతూ ఉంటే ఒత్తిడి తగ్గి తిత్తి ముడుచుకుంటుంది, చుట్టూ ఎముక పెరుగుతుంది. బాగా చిన్నదయ్యాక, తక్కువ మత్తుతో దాన్ని పెకలించి, చుట్టూ ఎముకని కూడా కొంచెం చెక్కెయ్యొచ్చు.

"ఎన్నాళ్ళు?"

"ఆరు నెలలు. ఎక్కువే పట్టొచ్చు. రోజూ రెండుపూటలా ఆ గొట్టంలోకి ఉప్పునీళ్ళు సిరంజితో కొట్టి కడగాలి. అన్నాళ్ళూ కింది సెట్టు పెట్టుకోకూడదు."

కోసెయ్యమని మైకు ఇంకో రెండుసార్లు అడిగాడు. కుదరదన్నారు.

గొట్టం పడింది. కడిగే పని భార్యది. దబ్బనంతో గోనెసంచులు కుట్టిన చెయ్యి కాబట్టి వణకలేదు. ఆయన్ని కిటికీ పక్కన కుర్చీలో వెనక్కి వాల్చి, ఒళ్ళో తువ్వాలు పరిచి, సిరంజి మొన గొట్టంలో పెట్టేది. నీళ్ళు లోపలికి పోగానే గడ్డం లోపల ఎవరో బరువుగా వేలు పెట్టి నొక్కినట్టుండేది. తర్వాత మురికిగా బయటికొచ్చేవి.

"నెమ్మదిగా! అదేమన్నా డ్రైనేజీ అనుకున్నావా?"

"కదిలితే ముక్కులోకి కొడతాను. నోరు తెరవండి."

"తెరిచే ఉంచాను!"

"మాటలకి కాదు, నీళ్ళకి తెరవండి."

రోజూ ఇదే. ఆ తర్వాత మెత్తగా చితక్కొట్టిన కూరలు, పాలల్లో నానేసిన బ్రెడ్డు. ఆయనకి ముద్దలు చూస్తేనే వెగటు పుట్టేది. మార్కెట్‌కి మాత్రం వెళ్ళడం మానలేదు. బోర్లించిన ప్లాస్టిక్ ట్రే మీద కూర్చుని బావమరిది పాట వినేవాడు, వింటూ పళ్ళు లేని చిగుళ్ళే నూరుకునేవాడు. వాడు తొందరపడుతున్నాడు. ఇంకో మెట్టు ఎక్కగల బేరాన్ని ఒకటి, రెండు, మూడు అని గబగబా కొట్టేస్తున్నాడు.

ఒకరోజు మంచి ఎర్ర ఉల్లిపాయ వచ్చింది, గట్టిది, పొడిది. బావమరిది దాన్ని మామూలు సరుకులా పాడుతుంటే మైకు ఆగలేకపోయాడు. బస్తాల మీదకి ఎక్కి, వాణ్ణి పక్కకి నెట్టి, బోసినోటితోనే ఎత్తుకున్నాడు. మాటలు జారుతున్నా గొంతు జారలేదు. కొనేవాళ్ళు ఉత్సాహంగా పైకి పాడారు. ధర ఎక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. "బావా, నువ్వుండగా నాకెందుకీ డబ్బా" అన్నాడు బావమరిది మైకు పెట్టె విప్పేస్తూ. నిజంగానే సంతోషించాడు వాడు.

దిగాక నాలుకతో తడుముకుంటే గొట్టం లేదు. ఎక్కడ పడిందో, మింగేశాడో, ఉల్లిపాయల్లో కలిసిపోయిందో తెలియదు.

చెప్పాలంటే సిగ్గేసింది. ఇంటికెళ్ళి, ఈ పూట నేనే కడుక్కుంటానని బాత్రూంలో తలుపేసుకున్నాడు. మర్నాడూ అంతే. ఇంకా కొన్నాళ్ళు అలా నెట్టుకొచ్చాడు. చివరికి భార్య తలుపు నెట్టి, చేతిలో సిరంజి లాక్కుని, నోరు తెరిపించి చూసింది. కిటికీ మూసుకుపోయింది.

ఆవిడ తిట్టలేదు. సిరంజి కడిగి, తుడిచి, అలమారలో పెట్టి, కూతురికి ఫోన్ చేసింది. 

తిట్టే పని డాక్టరమ్మ చేసింది. "తగ్గుతున్న తిత్తి మళ్ళీ నిండింది. నాలుగు నెలల పని నాశనం. మళ్ళీ మాత్రలు ఆపాలి, మళ్ళీ కిటికీ పెట్టాలి, మళ్ళీ మొదటినుంచీ. అసలు మీరేమనుకుంటున్నారు?" నోట్లో మాట నమిలే మనిషి, వరండాలో కూర్చున్నవాళ్ళకి వినిపించేలా అరిచింది. మైకు తలవంచుకుని విన్నాడు. ఆయన మీద గొంతెత్తి గెలిచినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

మళ్ళీ మొదటినుంచీ కడిగారు. ఈసారి మార్కెట్‌కి వెళ్ళొద్దని భార్య చెప్పులు దాచింది. ఏడాది తిరిగేసరికి ఎక్స్‌రేలో నల్లటి గదులు ముడుచుకుని, ఒక చింతగింజంత మిగిలింది. అప్పుడు ఆపరేషను చేశారు. తిత్తిని పెకలించి, చుట్టూ ఎముకని చెక్కి, మందు పూసి మూసేశారు. గుండె తట్టుకుంది. పెదవి మొద్దు మాత్రం పోలేదు. అది అలాగే ఉండిపోతుందన్నారు.

అంతటితో పీడ వదిలిందనుకున్నారు. ఆరు నెలల తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఎడమవైపు మినపగింజంత నలుపు కనిపించింది. అది మానుతున్న ఎముకా, తిరిగొచ్చిన తిత్తా అంటే డాక్టరమ్మ ఇప్పుడే చెప్పలేనంది. కొన్నాళ్ళు చూద్దామంది. మైకు గోడకేసి తల కొట్టుకున్నంత పని చేశాడు. చూశారు. పెరిగింది. చిగురు వరకే మత్తిచ్చి మళ్ళీ చెక్కారు. ఆయన మెలకువగా ఉండగానే, ఎముక మీద బుర్రుమనే ఆ చప్పుడు పుర్రె అంతా మోగింది. అంతసేపూ ఆయన కుర్చీ చేతులు వదల్లేదు.

ఆ తర్వాత కొత్త సెట్టు వచ్చింది, దవడలో రెండు చిన్న మేకులు బిగించి వాటికి తగిలించేది. జారదు. మైకు ఇప్పుడు పొద్దున్నే ఒక గంట ఉల్లిపాయల పాట మాత్రం పాడతాడు. తర్వాత అలసట వచ్చేస్తుంది. మిగతా పాటంతా బావమరిదిది. పెదవి మొద్దు వల్ల కొన్ని మాటలు వంకరగా వస్తాయి, కొత్త కొనుగోలుదార్లు రెండోసారి అడుగుతారు. అడిగినప్పుడల్లా ఆయన విసుక్కుంటాడు.

మొన్న మళ్ళీ ఎక్స్‌రేకి వెళ్ళారు. డాక్టరమ్మ తెర మీద పాత బొమ్మనీ కొత్త బొమ్మనీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ప్రస్తుతానికి శుభ్రంగా ఉంది."

"ప్రస్తుతానికి అంటే?"

"వచ్చే ఆరు నెలల దాకా."

"అయిపోయిందని ఒక్క మాట అనండి డాక్టరమ్మా. మీ నోటితో."

"అనలేను. ఎన్నో ఏళ్ళ తర్వాత తిత్తి తిరిగొచ్చినవాళ్ళున్నారు. మీరు వస్తూనే ఉండాలి."

"నేను ఎన్నాళ్ళుంటానో నాకే తెలియదు, ఎన్నాళ్ళని రాను?"

"ఉన్నన్నాళ్ళూ రండి" అంది ఆమె. ఆమె ముఖంలో కూడా అలసట తప్ప ఇంకేం లేదు.

వెళ్ళొస్తానని చెప్పకుండానే ఆయన బయటికి నడిచాడు. గేటు దగ్గర కాపలావాడు వ్యాను అడ్డంగా పెట్టారని కూతురితో తగువు పడుతున్నాడు. లోపల అణుచుకున్నదంతా వాడి మీద వెళ్ళగక్కాడు మైకు. గేటు బయట టీ బండి దగ్గరున్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు.

"నాన్నా, ఇది ఆసుపత్రి. ఎక్కు" అంది కూతురు.

ఎక్కాడు. వ్యానులో తల్లీకూతుళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుని, సిగ్నలు దగ్గర ఒక తిట్టు, మలుపు దగ్గర ఇంకో తిట్టు తిడుతూనే ఉన్నాడు. కాసేపు విని భార్య అడిగింది.

"రాత్రికి ఏం చెయ్యమంటారు? మెత్తగా ఏదైనా చేస్తాను."

"మెత్తగా వద్దు. నమిలేది ఏదైనా చెయ్యి."

"సరే" అందావిడ. కూతురు వ్యానుని కూరగాయల దుకాణం పక్కన ఆపింది. క్యారెట్లు తెస్తానని ఆవిడ దిగబోతుంటే, "ఉండు, నేను చూసి తెస్తాను. నీకు వాడిపోయినవి అంటగడతాడు" అని గొణుగుతూ ఆయనే దిగాడు.